అంబాసిడర్ మార్క్ 3: 50–60 స్పీడులో మిస్సింగ్, ఫుల్ తొక్కితే మాత్రం మామూలే

పొన్నూరు_మార్క్3
బండి 1977 మార్క్ 3, పెట్రోల్, 1489 సీసీ. ఊళ్ళో తిప్పినంతసేపు ఏ పేచీ లేదు. హైవే ఎక్కి 50–60 మధ్య ఒకే స్పీడులో పోతుంటే మిస్సింగ్ మొదలవుతుంది. ఎవరో కీ ఆపి మళ్ళీ వేసినట్టు బండి మొత్తం కుదుపు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాయం. కాలు కాస్త తేలిక చేస్తే మళ్ళీ హాజరు. మంగళగిరి దాటేసరికి వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు దిగిపోయి బస్సెక్కుతాం అంటున్నారు.

ఇప్పటివరకు మార్చినవి: ప్లగ్గులు, సీబీ పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంచే స్విచ్చు), కండెన్సర్, రోటర్, డెల్కో (ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్) క్యాప్, హెచ్‌టీ వైర్లు. కార్బురేటర్ విప్పి జెట్లన్నీ, అంటే పెట్రోల్ పారే సన్న రంధ్రాలన్నీ, గాలి కొట్టించాను. పెట్రోల్ ఫిల్టర్ కొత్తది. స్లో స్పీడు చక్కగా ఉంది, బానెట్ మీద గ్లాసు పెడితే నీళ్ళు కదలవు. మెకానిక్ మాత్రం కార్బురేటర్ మొత్తం మార్చాల్సిందే అంటున్నాడు. కొత్తదానికి డబ్బు పెట్టేముందు మీ అందరినీ ఒకసారి అడుగుదామని.

ఇథనాల్_వద్దు
ఇంకా అడగాలా? ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. ఈ బండి తయారైనప్పుడు అలాంటిదొకటి వస్తుందని కలలో కూడా ఎవరూ అనుకోలేదు. ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో దాదాపు మూడింట రెండు వంతులే. పైగా పాత జెట్లతో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు. పలచబడితే నిలకడ స్పీడులో కుదుపు రావడం మామూలే. మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి, తేలిపోతుంది.

స్టీరింగ్_సింహం
పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేయండి సార్. ఊరేగింపులో 50 దాటే పనే ఉండదు.

డెల్కో_బాబాయ్
జెట్టు ముట్టుకోకు బాబూ, ఆగు. ముందు నేను అడిగినవి చెప్పు.
చల్లగా ఉన్నప్పుడు వస్తుందా, వేడెక్కాకే వస్తుందా? ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వస్తుందా, దిగేటప్పుడా? సైలెన్సర్‌లో టపటపమని పేలుతుందా? బండి నిలబెట్టి రేస్ చేస్తే వస్తుందా? సీబీ పాయింట్ గ్యాప్ ఎంత పెట్టారు, దేంతో కొలిచారు?

పొన్నూరు_మార్క్3
బాబాయ్ గారూ, వరసగా చెప్తాను.
చల్లగా ఉన్నా వస్తుంది, వేడిమీద కొంచెం ఎక్కువ. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రాదు, అదే నాకు వింతగా ఉంది. పైకెక్కాక సమంగా ఉన్నచోట మొదలవుతుంది. సైలెన్సర్‌లో అప్పుడప్పుడు ఒక దెబ్బ వినిపిస్తుంది. గ్యారేజీలో రేస్ చేస్తే రాదు, అందుకే మెకానిక్ నమ్మట్లేదు. గ్యాప్ ఆయన హాక్సా బ్లేడుతో చూశాడు.

డెల్కో_బాబాయ్
హాక్సా బ్లేడు! మా రోజుల్లో సిగరెట్ పెట్టె అట్టతో కూడా పెట్టేవాళ్ళం, ఇంటికి చేరడానికి అది చాలు. ట్యూనింగ్ చేసేటప్పుడు మాత్రం ఫీలర్ గేజ్ కొను, పెద్ద ఖర్చేం కాదు. ఈ ఇంజిన్‌కి గ్యాప్ 14 నుంచి 16 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. కామ్ (డెల్కో షాఫ్టు మీద పాయింట్లని తెరిచే భాగం) మీద ఉబ్బు సరిగ్గా పాయింట్ మడమ కింద ఉన్నప్పుడే కొలవాలి. ప్లగ్ గ్యాప్ 25 థౌ. ఇవి సరిచేసి మళ్ళీ చెప్పు.

ఫియట్_నెల్లూరు
మా ఫియట్ పద్మినికి ఇలాంటిదే వచ్చింది. తీరా చూస్తే ఏసీ పంపులో (ట్యాంకు నుంచి పెట్రోల్ తోడేది) డయాఫ్రమ్ గట్టిపడి చీలింది. పాత రబ్బరుకి ఇథనాల్ పడదు. పెట్రోల్ హోసులు కూడా లోపల పొట్టు ఊడి జెట్లో ఇరుక్కుంటున్నాయి. పైకి మాత్రం కొత్తవాటిలా మెరుస్తుంటాయి.
ఒక మాట, ఫియట్ అయితే ఈ సమస్యలు త్వరగా దొరుకుతాయి. మీ అంబాసిడర్ బానెట్ కింద ఖాళీ ఎక్కువ, సమస్యలు దాక్కోవడానికి చోటెక్కువ.

బెజవాడ_స్పానర్
నెల్లూరు అన్నా, ఖాళీ ఉంది కాబట్టే ఆటోనగర్లో ఏ కుర్రాడైనా లోపల కూర్చుని పని చేసేస్తాడు. మీ ఫియట్‌కి పద్మిని అని పేరు పెట్టారు కానీ, రేడియేటర్ పొంగితే దగ్గరికి పోలేం.
విషయానికొస్తే, పంపు పోతే లోడు మీద ముందు తెలియాలి. ఫుల్ తొక్కినప్పుడే పెట్రోల్ ఎక్కువ కావాలి కదా. ఈయనకి ఫుల్ తొక్కితే బాగుంటోంది. పంపు కాదు.

ఫియట్_నెల్లూరు
అదీ నిజమే. పంపు మాట వెనక్కి. ఫియట్ మాట మాత్రం తీసుకోను.

జెట్_నంబర్
స్పానర్ గారి లెక్క ప్రకారమే చూద్దాం. నిలకడ స్పీడులో పనిచేసేది మెయిన్ జెట్, గాలి జెట్. ఫుల్ తొక్కినప్పుడు యాక్సిలరేటర్ పంపు అదనంగా పెట్రోల్ చిమ్ముతుంది, కాబట్టి కాసేపు లోటు కప్పేస్తుంది. అంటే మీ సోలెక్స్ కార్బురేటర్‌లో మిశ్రమం పలచగానే ఉందని నా అనుమానం. కార్బురేటర్ కింద గాస్కెట్ లీకైనా ఇదే లక్షణం. స్లో స్పీడులో నడుస్తుండగా కార్బురేటర్ అడుగున, మానిఫోల్డ్ (మిశ్రమాన్ని ఇంజిన్ లోపలికి తీసుకెళ్ళే గొట్టం) చుట్టూ కాస్త క్లీనర్ స్ప్రే కొట్టి చూడండి. ఇంజిన్ శబ్దం మారితే అక్కడ గాలి పీలుస్తున్నట్టు. సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కనే ఉంటుంది, అది ఎర్రగా కాలుతున్నప్పుడు చేయకండి, బండి కాలిపోగలదు.

ఇథనాల్_వద్దు
అదే నేనూ చెప్పేది.

డెల్కో_బాబాయ్
యాక్సిలరేటర్ పంపు చిమ్మేది పెడల్ కదిలిన ఆ క్షణమే నాయనా. ఫ్లైఓవర్ మొత్తం ఎక్కేదాకా అది చిమ్ముతూ కూర్చోదు.

జెట్_నంబర్
ఒప్పుకుంటాను. కానీ గాలి లీకు సంగతి అలాగే ఉంది. ఫుల్ త్రాటిల్‌లో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు, అప్పుడు లీకు ఉన్నా ప్రభావం తక్కువ. చిన్న త్రాటిల్‌లో వాక్యూమ్ ఎక్కువ, లీకు ఎక్కువ. లక్షణం సరిగ్గా సరిపోతోంది.

హాల్_సెన్సర్
1977 బండికి 1977 నాటి తలనొప్పులే ఎందుకు? పాయింట్లు, కండెన్సర్ పీకేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టండి. డెల్కో లోపలే కూర్చుంటుంది, బయటికి ఏమీ కనబడదు. గ్యాప్ గొడవే ఉండదు.

డెల్కో_బాబాయ్
దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో ఆ కిట్టు పోతే ఏం చేస్తావు? పాయింట్ అయితే ఎమెరీ పేపర్ ముక్కతో రుద్ది ఇంటికి వస్తాం.

హాల్_సెన్సర్
డిక్కీలో పాత పాయింట్ల సెట్టు పెట్టుకు తిరుగుతాను. ఇంతవరకు దాని అవసరం రాలేదు.

బెజవాడ_స్పానర్
కిట్టు మంచిదే, కాదనను. కానీ తప్పెక్కడో తెలియకుండా కొత్త వస్తువు తగిలిస్తే ఆ తప్పు అలాగే ఉంటుంది, జేబు మాత్రం ఖాళీ అవుతుంది. ఈయన ఇప్పటికే సగం డెల్కో మార్చేశాడు.

పొన్నూరు గారూ, మీరు కొత్త కండెన్సర్ వేశామన్నారు కదా, నా అనుమానం దాని మీద. ఇప్పుడు మార్కెట్లో దొరికే కొత్త కండెన్సర్లలో చాలావరకు పాతవాటితో పోలిస్తే నాసిరకం. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు వాటి మధ్య దూకబోతుంది. కండెన్సర్ దాన్ని తనలోకి తీసుకుంటుంది. అప్పుడే కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, దాని సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుడతాయి. కండెన్సర్ బలహీనమైతే పాయింట్ల దగ్గరే నిప్పురవ్వలు, ప్లగ్గు దగ్గర పసుపురంగు నీరసపు స్పార్క్. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎమ్‌లో ఉంటే సెకనుకి 100 స్పార్కులు. ఎక్కడ కొంచెం తడబడినా కాలికి తెలుస్తుంది.

చీకటి పడ్డాక డెల్కో క్యాప్ తీసి, ఒకరిని సెల్ఫ్ కొట్టమని పాయింట్లు చూడండి. చిన్న చుక్క నీలంగా కనిపిస్తే పర్లేదు. గట్టి మెరుపులు వస్తుంటే కండెన్సర్ పోయినట్టే. అలాగే కాయిల్ ప్రైమరీ చుట్ట నిరోధం కొలవండి. 3 ఓమ్‌ల దగ్గర ఉంటే 12 వోల్టులు నేరుగా ఇచ్చే రకం. ఒకటిన్నర దగ్గర ఉంటే బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్‌కి పోయే కరెంటు తగ్గించేది) వాడేది. దాన్ని నేరుగా కలిపితే కాయిల్ కాలుతుంది, పాయింట్లు త్వరగా పోతాయి.

స్టీరింగ్_సింహం
సెల్ఫ్ కొడుతున్నప్పుడు హెచ్‌టీ వైరు పట్టుకోమని ఎవరైనా అంటే పట్టుకోకండి. మా మామయ్య పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి సైకిలే.

పొన్నూరు_మార్క్3
ఆదివారం కూర్చున్నాను. ఫీలర్ గేజ్ కొన్నాను, 15 థౌ పెట్టాను. హాక్సా బ్లేడు గ్యాప్ 20కి పైనే ఉంది. స్టార్టింగ్ ఇంకా తేలికైంది, కానీ హైవే మీద మిస్సింగ్ అలాగే ఉంది.
కాయిల్ ప్రైమరీ 3.1 ఓమ్‌లు. చీకట్లో పాయింట్లు చూశాను, చిన్న నీలం చుక్కే. పాత కండెన్సర్ వెతికి అది కూడా వేసి చూశాను, తేడా లేదు. మానిఫోల్డ్ దగ్గర స్ప్రే కొట్టినా శబ్దం మారలేదు. ఇంజిన్ చల్లగా ఉండగానే చేశాను, కంగారు పడకండి.

జెట్_నంబర్
లీకు లేదన్నమాట. మిగిలింది జెట్టే.

బెజవాడ_స్పానర్
జెట్టో ఇగ్నిషనో తేల్చే దారి ఉంది, వాదన ఎందుకు. టైమింగ్ లైట్ (స్పార్క్ పోయిన ప్రతిసారీ వెలిగేది) ఉన్నవాడి దగ్గరికి వెళ్ళండి. క్లిప్పు కాయిల్ నుంచి డెల్కోకి పోయే మధ్య వైరుకి తగిలించి, లైట్‌ని కారు లోపలికి కనబడేలా పెట్టుకుని నడపండి. మిస్ అయిన క్షణంలో లైట్ కూడా తడబడితే స్పార్కే రావట్లేదు, అంటే ఇగ్నిషన్. లైట్ నిలకడగా వెలుగుతూ ఇంజిన్ మాత్రం మిస్ అయితే పెట్రోల్ వైపు వెతకాలి. వైర్లు ఫ్యాన్‌కి, సైలెన్సర్‌కి తగలకుండా కట్టుకోండి. పక్కన ఇంకొకరు ఉండాలి, మీరు రోడ్డు చూడండి.

డెల్కో_బాబాయ్
మంచి మాట. ఇది నాకు తట్టలేదు.

పల్నాడు_పిస్టన్
మధ్యలో వేరే మాట. 1977 బండి అంటే 2027కి 50 నిండుతాయి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు. కాకపోతే రోజువారీ తిప్పడానికి వీల్లేదు. రెంటచింతల ఎండల్లో రోజూ అంబాసిడర్ తోలే నాలాంటివాడికి అది కుదరదు అనుకోండి.

పొన్నూరు_మార్క్3
పల్నాడు అన్నా, ముందు హైవే మీద 50 దాటనివ్వండి, ఏళ్ళ 50 సంగతి తర్వాత చూద్దాం.
టైమింగ్ లైట్ పరీక్ష అయింది. బెజవాడలో తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చాను. కుదుపు వచ్చిన ప్రతిసారీ లైట్ కూడా ఆగి ఆగి వెలిగింది. మా బావమరిది దాన్నే చూస్తూ కూర్చున్నాడు, ఇప్పుడు కళ్ళు తిరుగుతున్నాయంటున్నాడు.

జెట్_నంబర్
అయితే నేను ఓడాను. కార్బురేటర్ జోలికి వెళ్ళకండి.

ఇథనాల్_వద్దు
ఈ20 మంచిదని మాత్రం ఎవరూ అనట్లేదు కదా.

బెజవాడ_స్పానర్
ఎవరూ అనట్లేదు. శాంతించండి.

ఎడిసన్_ఎంజీబీ
న్యూజెర్సీ నుంచి. ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. నా దగ్గర 1969 ఎంజీబీ ఉంది, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని ఇంజిన్ 1798 సీసీ, మీ 1489కి అదే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజిన్లలో పెద్దన్న. డెల్కో కూడా అదే లూకాస్ 25డీ4 జాతి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, రోటర్ తిరిగేది గడియారానికి ఎదురు దిశలో, అన్నీ ఒకటే. అందుకే నమ్మకంగా చెప్తున్నాను: మీ సమస్య డెల్కో లోపల వైరు.

డెల్కోకి పక్కన గుండ్రటి డబ్బా ఉంటుంది, దానికి కార్బురేటర్ నుంచి సన్న పైపు వస్తుంది. అది వాక్యూమ్ అడ్వాన్స్. పైపు మొదలయ్యే రంధ్రం కార్బురేటర్‌లో త్రాటిల్ రేకుకి కొంచెం పైన ఉంటుంది. స్లో స్పీడులో రేకు మూసి ఉంటుంది కాబట్టి ఆ రంధ్రానికి వాక్యూమ్ తగలదు. నిలకడగా 50–60లో పోతున్నప్పుడు రేకు కొంచెమే తెరుచుకుని ఉంటుంది, అక్కడ వాక్యూమ్ బాగా ఉంటుంది. డబ్బా లోపలి డయాఫ్రమ్ దానికి లాగబడి, సీబీ పాయింట్లు కూర్చున్న ప్లేటునే తిప్పుతుంది. స్పార్క్ ముందుగా వస్తుంది, మైలేజీ బాగుంటుంది. ఫుల్ తొక్కితే వాక్యూమ్ పడిపోతుంది, ప్లేటు మొదటి చోటికి వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ లక్షణాలు చూడండి. స్లో స్పీడులో ప్లేటు కదలదు, బాగుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ప్లేటు వెనక్కి వచ్చేస్తుంది, బాగుంది. ప్లేటు తిరిగి ఉన్నప్పుడే మిస్ అవుతోంది.

ఆ ప్లేటుకి రెండు చిన్న వైర్లు ఉంటాయి. ఒకటి బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకి వచ్చేది, ఇంకోటి ప్లేటు నుంచి డెల్కో బాడీకి ఎర్త్ కలిపేది. ప్లేటు కదిలినప్పుడల్లా ఇవి వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి లోపల రాగి పోగులు తెగిపోతాయి, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే మీరు పాయింట్లు, కండెన్సర్, క్యాప్ అన్నీ మార్చినా పోలేదు. ఆ వైర్లు ఏ ట్యూనింగ్‌లోనూ మార్చరు.

గ్యారేజీలో ఎందుకు రాదంటే, మెకానిక్‌లు సాధారణంగా గుప్పుమని రేస్ చేసి వదిలేస్తారు. 2000 ఆర్‌పీఎమ్ దగ్గర నెమ్మదిగా పట్టి ఉంచితే అక్కడే వస్తుంది.

పరీక్ష: ఆ సన్న పైపు డెల్కో దగ్గర తీసేయండి, కార్బురేటర్ వైపు చివర చిన్న స్క్రూ పెట్టి మూసేయండి. నడపండి. ఏమవుతుందో రాయండి.

హాల్_సెన్సర్
నా కిట్టు పెట్టుంటే పాయింట్లతో పాటు ఆ వైరు కూడా పోయేది కదా.

ఎడిసన్_ఎంజీబీ
మీ కిట్టు కూర్చునేది కూడా అదే కదిలే ప్లేటు మీద. దాని వైర్లూ వంగుతాయి. ఎర్త్ వైరు ఎలాగూ పాతదే ఉంటుంది. ఇక్కడ నా స్నేహితుడికి కిట్టు పెట్టాక కూడా సరిగ్గా ఇదే వచ్చింది, మాడ్యూల్ పాడైందనుకుని ఇంకోటి కొన్నాడు.

హాల్_సెన్సర్
సరే సరే.

జెట్_నంబర్
ఒక సందేహం. పైపు తీసేస్తే స్పార్క్ అడ్వాన్స్ కూడా తగ్గుతుంది. మిస్సింగ్ పోయిందంటే అది వైరు వల్లే అని ఎలా అంటాం? అడ్వాన్స్ ఎక్కువైపోయి వచ్చే కుదుపు కూడా కావచ్చు కదా.

ఎడిసన్_ఎంజీబీ
మంచి ప్రశ్న. టైమింగ్ లైట్ దానికి ఇప్పటికే జవాబు చెప్పింది. అడ్వాన్స్ ఎక్కువైతే స్పార్క్ తొందరగా వస్తుంది కానీ రాకుండా పోదు. ఆయనకి లైటే ఆగిపోయింది. ఇంకా నమ్మకం కావాలంటే మల్టీమీటర్ ఉంది. డెల్కో టెర్మినల్ దగ్గర కాయిల్ వైరు తీసేసి, పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇంజిన్ ఆపి, టెర్మినల్‌కీ డెల్కో బాడీకీ మధ్య ఓమ్‌లు చూడాలి. సున్నా దగ్గర ఉండాలి. ఇప్పుడు వాక్యూమ్ పైపు నోట్లో పెట్టుకుని పీల్చండి, ప్లేటు తిరుగుతుంది. అంకె ఎగిరితే తప్పు దొరికినట్టే.

స్టీరింగ్_సింహం
పీల్చేముందు పైపు కార్బురేటర్ నుంచి తీశారో లేదో చూసుకోండి. లీటరు 100 దాటిన పెట్రోల్ అది, టిఫిన్‌లోకి వద్దు.

పొన్నూరు_మార్క్3
ఎడిసన్ గారూ, పైపు మూసేసి పెదకాకాని దాకా వెళ్ళి వచ్చాను. కుదుపు ఒక్కసారి కూడా లేదు! పికప్ కొంచెం మందంగా ఉంది, అంతే. ఇంటికొచ్చి మల్టీమీటర్ పెట్టాను. మామూలుగా 0.3. పీల్చితే 0.3, 40, మళ్ళీ 2, తర్వాత ఏమీ లేదు, అలా గంతులు. మా ఆవిడ వచ్చి డెల్కోని పీలుస్తున్న నన్ను చూసి ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

డెల్కో_బాబాయ్
దొరికింది!

పల్నాడు_పిస్టన్
పైపు అలాగే మూసేసి తిప్పేయండి, ఇంకేం కావాలి? మా ఊళ్ళో సగం అంబాసిడర్లకి ఆ పైపే ఉండదు. మెకానిక్‌లే మడిచి కట్టేస్తారు.

డెల్కో_బాబాయ్
అందుకే మీ ఊళ్ళో అంబాసిడర్ పెట్రోల్ తాగుతుందని పేరు పడింది. నిలకడ స్పీడులో అడ్వాన్స్ లేకపోతే మంట ఆలస్యంగా మండుతుంది, వేడంతా సైలెన్సర్ వైపు పోతుంది. మైలేజీ పడిపోతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. మీ ఎండలకి అది అసలే పనికిరాదు. పది రూపాయల వైరు కోసం అడ్వాన్స్ వదులుకుంటావా?

పల్నాడు_పిస్టన్
బాబాయ్ గారూ, నా బండి పైపు కూడా ఇప్పుడే చూసుకున్నాను. మడిచి ఉంది.

పొన్నూరు_మార్క్3
డెల్కో ప్లేటు బయటికి తీశాను. టెర్మినల్ నుంచి వచ్చే నల్ల వైరు పైకి నిండుగా ఉంది, రెండు చివరలూ పట్టుకుని లాగితే మధ్యలో తొడుగు సాగింది. కోసి చూస్తే లోపల రాగి తెగి ఉంది, కొసలు నల్లగా మాడిపోయాయి. ఎర్త్ జడ వైరులో కూడా కొన్ని పోగులే మిగిలాయి. రెండూ మార్చాలి. ఇవి విడిగా దొరుకుతాయా? గుంటూరులో అడిగితే డెల్కో మొత్తం కొనమంటున్నారు.

బెజవాడ_స్పానర్
మొత్తం కొనకండి. ఇప్పుడు వచ్చే కొత్త డెల్కోల షాఫ్టు ఎలా ఉంటుందో నమ్మలేం, మీ పాతదే గట్టిది. షాఫ్టు పట్టుకుని పక్కకి ఊపి చూడండి, బుష్ ఆట లేకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది. వైరు దొరక్కపోతే సొంతంగా చేసుకోవచ్చు. మామూలు ఇంటి వైరింగు వైరు వాడొద్దు, నెలల్లో మళ్ళీ తెగుతుంది.

ఎడిసన్_ఎంజీబీ
మల్టీమీటర్ ప్రోబ్ వైరు వాడండి, సిలికాన్ తొడుగున్నది. అందులో వెంట్రుకల్లాంటి సన్న పోగులు వందలకొద్దీ ఉంటాయి, ఎంత వంచినా తట్టుకుంటుంది, వేడికి కరగదు. జాగ్రత్త ఒకటే. టంకం చివర టెర్మినల్ దగ్గరే ఆగాలి. టంకం పోగుల్లోకి పాకితే అక్కడ గట్టిపడి, సరిగ్గా అక్కడే విరుగుతుంది. వీలైతే టంకం లేకుండా నొక్కి బిగించడమే మంచిది. పొడవు ఎంత ఉండాలంటే ప్లేటు చివరిదాకా తిరిగినా వైరు బిగుసుకోకూడదు, అలాగని కామ్‌కో రోటర్‌కో రాసుకోకూడదు.
తిరిగి బిగించేటప్పుడు పాయింట్ స్ప్రింగు పోస్టు దగ్గర ఫైబర్ వాషర్ల వరస ఫోటో తీసి పెట్టుకోండి. వైరు టెర్మినల్, కండెన్సర్ టెర్మినల్, స్ప్రింగు, ఈ మూడూ ఒకదానికొకటి తగలాలి, పోస్టుకి మాత్రం తగలకూడదు. అది తారుమారైతే స్పార్కే ఉండదు, జనం టైమింగ్ మీద పడతారు.

డెల్కో_బాబాయ్
ప్లేటు కింద ఒక్క చుక్క ఆయిల్, కామ్ మీద పాముకోవడానికి చిటికెడు గ్రీజు. ఎక్కువ పెడితే పాయింట్ల మీద చిమ్ముతుంది. డెల్కో కదిలించావు కాబట్టి టైమింగ్ మళ్ళీ చూసుకో.

ఫియట్_నెల్లూరు
విడిగా కావాలంటే కలకత్తా మల్లిక్ బజార్‌లో పాత డెల్కోలు గుట్టలుగా ఉంటాయి. చెన్నై పుదుపేటలో కూడా దొరుకుతాయి, బేరం బాగా ఆడాలి. ఇక్కడ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగి చూడండి.
పనిలో పనిగా నాదొకటి అడగనా? పద్మిని ఎండలో నడిపి టిఫిన్‌కి ఆపితే, అరగంట తర్వాత స్టార్ట్ కాదు. గంట ఆగితే ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది.

స్టీరింగ్_సింహం
వేరే చర్చ పెట్టుకోండి, ఇది అంబాసిడర్ వాళ్ళ ఇల్లు.

పొన్నూరు_మార్క్3
ఉండనివ్వండి, నాకూ అదే ఉంది. కుదుపు మాత్రం పోయింది. ప్రోబ్ వైరు వేశాను, జడ వైరు పాత డెల్కోలోంచి దొరికింది. నిన్న బెజవాడ వెళ్ళొచ్చాం, వెనక సీటు వాళ్ళు నిద్రపోయారు. తిరిగి వచ్చేటప్పుడు టీకి ఆపితే మాత్రం నెల్లూరు అన్న చెప్పినట్టే మొండికేసింది.

ఇథనాల్_వద్దు
ఇది మాత్రం నా ఖాతాలో వేయండి! ఇథనాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర. ఇంజిన్ ఆపగానే బానెట్ కింద గాలి ఆడదు, సైలెన్సర్ వేడంతా పైన ఉన్న కార్బురేటర్‌కి ఎక్కుతుంది. కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మరిగి మానిఫోల్డ్‌లోకి కారుతుంది. ఇంజిన్‌లో పెట్రోల్ మరీ ఎక్కువై స్టార్ట్ కాదు.

జెట్_నంబర్
ఈసారి ఇథనాల్ గారితో ఏకీభవిస్తున్నాను. పెడల్ పదేపదే కొట్టకండి, ఇంకా చిమ్ముతుంది. నేల దాకా తొక్కి అలాగే పట్టి ఉంచి సెల్ఫ్ కొట్టండి, ఎక్కువైన పెట్రోల్ బయటికి పోతుంది. కార్బురేటర్ కింద మందపాటి ఫైబర్ ఇన్సులేటర్ ఉందో లేదో చూడండి. చాలా బండ్లలో ఎవరో ఒకరు దాన్ని తీసేసి పల్చటి గాస్కెట్ వేసుంటారు.

ఫియట్_నెల్లూరు
చూశాను. ఇన్సులేటర్ ఉంది, పగిలింది. ఎవరి దగ్గరైనా పద్మినిది స్పేర్ ఉందా? కొరియర్ ఖర్చు నాది.

బెజవాడ_స్పానర్
పగిలిన ముక్కలు పారేయకండి. వాటి మీద పెట్టి కొలత గీసి, రంధ్రాల మధ్య దూరం రాసి ఫోటోతో పాటు నాకు మెసేజ్ పెట్టండి. ఆటోనగర్లో ఫైబర్ షీటు కోసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, రెండు చేయిస్తాను. ఒకటి మీకు, ఒకటి పొన్నూరు గారి కొలతకి. పొన్నూరు గారూ, మీ సోలెక్స్ అడుగు కొలత కూడా పంపండి, ఒకేసారి అయిపోతుంది.